రోట్లో మొదలైన చాక్లెట్ ఉండ

నాగుల చవితి నాడు నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్లలో పుట్ట దగ్గరికి వెళ్లే పళ్లెంలో ఆవుపాలు, వడపప్పు, చలిమిడి, చిమ్మిలి ఉంటాయి. ఒక్కదానికీ పొయ్యితో పనిలేదు. పెసరపప్పు నానితే వడపప్పు. నానిన బియ్యం దంచి, జల్లించి, ఆ తడిపిండిలో బెల్లం వేసి మళ్లీ దంచితే చలిమిడి. నువ్వులూ బెల్లమూ కలిపి దంచితే చిమ్మిలి. నిప్పు చూపించకుండా పండగకి తీపి చేయడం ఈ మెట్ట ఊళ్లకి ఎప్పటినుంచో తెలుసు.

ఆ పండగ వెళ్లిన నెలన్నరకి, డిసెంబరు చివర్లో, అవే వీధుల్లో ఇంకో రకం ఉండలు తయారవుతున్నాయి. మేరీ బిస్కెట్ల పొడి, కోకో పొడి, మిల్క్‌మెయిడ్ డబ్బా, కాస్త వెన్న, పైన అద్దడానికి కొబ్బరి కోరు. ఓవెన్ అక్కర్లేదు, కొలతల గిన్నెలు అక్కర్లేదు. పిల్లలు కూడా చుట్టేస్తారు. వీటిని చాక్లెట్ ట్రఫుల్స్ అంటున్నారు. పట్నం నుంచి వచ్చిన కొత్త వంటకమని చాలామంది అనుకుంటారు. ఇందులో కొత్తవి సరుకులే. చేసే పని మాత్రం మన రోట్లో ఎప్పటినుంచో జరుగుతున్నదే. సరుకులు ఒక్కొక్కటీ ఎక్కడెక్కడ, ఏ అవసరానికి పుట్టి ఇక్కడి కిరాణా కొట్టు దాకా వచ్చాయో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ముందు చిమ్మిలి సంగతే చూద్దాం. నువ్వుగింజ బరువులో దాదాపు సగం నూనె. రోకటి పోటు పడేకొద్దీ గింజ చితికి ఆ నూనె బయటికి వస్తుంది, బెల్లం పొడిని పట్టుకుంటుంది. పాకం పట్టలేదు, నీళ్లు పోయలేదు, నెయ్యి కూడా వేయలేదు. అయినా పిడికిట్లో నొక్కితే ఉండ నిలుస్తుంది. సున్నుండకి మినుముల్లో అంత నూనె ఉండదు కాబట్టి బయటినుంచి నెయ్యి కాచి పోస్తాం. రెండింటిలోనూ పొడిని పట్టి ఉంచేది కొవ్వే.

కోకో గింజలో కూడా సగానికి పైగా కొవ్వే. వేయించి, పొట్టు తీసి, రాతిమీద నూరితే చిక్కటి ముద్దగా జారుతుంది. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల జనం వేల ఏళ్లపాటు అలాగే నూరుకుని, నీళ్లలో కలిపి, మిరపకాయ వేసుకుని తాగారు. నువ్వుల నూనె మామూలు వేడికి ద్రవంగానే ఉంటుంది కాబట్టి చిమ్మిలి మెత్తగా ఉంటుంది. కోకో కొవ్వు సుమారు 34 డిగ్రీల దాకా గట్టిగా ఉండి, ఆ పైన కరుగుతుంది. మన నోటి వేడి అంతకంటే కొంచెం ఎక్కువ. చాక్లెట్ చేతిలో గట్టిగా ఉండి నోట్లో కరిగిపోవడం వెనక ఉన్నది ఈ రెండు మూడు డిగ్రీల తేడాయే.

ఐరోపా వాళ్లు చాలాకాలం కోకోని పానీయంగానే వాడారు. అందులోని కొవ్వు పైకి తేలి జిడ్డుగా ఉండేది. 1828లో హాలండ్‌కి చెందిన వాన్ హౌటెన్ కుటుంబం ఒక ప్రెస్సుకి పేటెంట్ తీసుకుంది. నూరిన కోకోని నొక్కి కొవ్వులో పెద్ద భాగాన్ని పిండేస్తే మిగిలిన చెక్కని పొడి చేయొచ్చు. గానుగాడి నూనె తీసి, తెలకపిండిని దాచుకోవడం లాంటి పని. ఈ రోజు మనం డబ్బాలో కొనే కోకో పొడి ఆ తెలకపిండే. పిండిన కొవ్వుని ఏం చేయాలన్న ప్రశ్నకి ఇంగ్లాండులో బ్రిస్టల్ నగరపు ఫ్రై కంపెనీ 1847లో జవాబు చెప్పింది. కోకో, పంచదార కలిపి, అందులోకే ఆ కొవ్వుని మళ్లీ పోసి అచ్చు వేసింది. తాగే చాక్లెట్ తినే చాక్లెట్ అయింది. 1875లో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ పాలు కలిపాడు. 1879లో బెర్న్ నగరంలో రొడాల్ఫ్ లిండ్ట్ చాక్లెట్‌ని గంటలకొద్దీ రుద్ది మెత్తబరిచే యంత్రం తయారుచేశాడు.

ట్రఫుల్ పుట్టుక గురించి మిఠాయి వ్యాపారులు ఎక్కువగా చెప్పుకునే కథ ఫ్రాన్స్‌లోని షాంబెరీ ఊరిది. 1895 డిసెంబరులో, క్రిస్మస్ గిరాకీ మీదున్నప్పుడు, లూయీ దుఫూర్ అనే మిఠాయి తయారీదారు మీగడ, చాక్లెట్, వెనిల్లా కలిపి ఉండ చేసి, పైన కోకో పొడి దొర్లించాడంటారు. చూడ్డానికి అక్కడి అడవుల్లో నేలలోంచి తవ్వితీసే ఖరీదైన పుట్టగొడుగులా ఉంది కాబట్టి దాని పేరే దీనికీ పెట్టారు. ఆ కుటుంబానికే చెందిన ఆంత్వాన్ దుఫూర్ 1902లో లండన్‌లో ప్రెస్టా అనే దుకాణం తెరిచి వీటిని అమ్మాడు. డిసెంబరు పండగకీ ఈ ఉండకీ ముడి అలా పడింది.

దుఫూర్ ఉండ నందిగామ దాకా రాలేదు. వచ్చే వీలూ లేదు. తాజా మీగడ, మంచి చాక్లెట్, చల్లటి గది అన్నీ కావాలి దానికి. మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊళ్లివి. ఆ ఎండకి చాక్లెట్ బిళ్ల కొట్టులో ఉండగానే కరిగి కాగితానికి అంటుకుంటుంది. మన ఇళ్లలోకి వచ్చింది వేరే ఉండ. దాని కథ పాలడబ్బాతో మొదలవుతుంది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

గెయిల్ బోర్డెన్ అమెరికాలో టెక్సాస్‌లో స్థిరపడ్డ మనిషి. భూములు కొలిచాడు, పత్రిక నడిపాడు. దూరప్రయాణాలు చేసేవాళ్లకి పనికొస్తుందని మాంసం సారాన్ని పిండితో కలిపి బిస్కెట్టు చేశాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో దానికి పతకం వచ్చింది. అయితే కొనేవాళ్లు లేక ఆ బిస్కెట్టే అతన్ని అప్పుల్లో ముంచింది. లండన్ నుంచి తిరుగు ప్రయాణంలో ఓడలో పాలకోసం తెచ్చిన ఆవులు జబ్బుపడ్డాయి. పాలు లేక, ఉన్న పాలు మంచివి కాక, పసిపిల్లలు చనిపోవడం అతను చూశాడంటారు. పాలని చెడకుండా నిలవ ఉంచే దారి వెతకడం మొదలుపెట్టాడు.

పాలు మరిగిస్తే చిక్కబడతాయి, అది మనకీ తెలుసు. కోవా చేసేవాళ్లు గరిట వదలకుండా కలుపుతూ కూర్చోవాలి, ఒక్క క్షణం ఆదమరిస్తే అడుగంటి మాడు వాసన వస్తుంది. బోర్డెన్‌కీ అదే చిక్కు ఎదురైంది. షేకర్లనే మతసమాజం వాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో పండ్లరసాలని గాలి తీసేసిన మూతపాత్రలో చిక్కబరచడం అతను చూశాడు. గాలి ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. పాలు మాడవు, రుచి మారదు. 1856 ఆగస్టులో అతనికి పేటెంట్ వచ్చింది. చిక్కబరిచిన పాలలో పంచదార దండిగా కలిపారు. డబ్బాలో 40 శాతానికి పైగా అదే ఉంటుంది. అంత చక్కెర ఉన్నచోట నీరంతా దానికే అంటిపెట్టుకుంటుంది, పాలని చెడగొట్టే సూక్ష్మజీవులకి తడి దొరకదు. ఆవకాయకి ఉప్పూ నూనే చేసే పని పాలడబ్బాకి పంచదార చేస్తుంది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలవడంతో సైన్యం డబ్బాలకొద్దీ కొంది. ఇంటికెళ్లిన సైనికులు ఆ రుచిని ఊళ్లకి మోసుకెళ్లారు.

1866లో అమెరికా నుంచి వచ్చిన పేజ్ సోదరులు స్విట్జర్లాండులోని చామ్ ఊళ్లో ఆంగ్లో-స్విస్ కండెన్స్‌డ్ మిల్క్ కంపెనీ పెట్టారు. మిల్క్‌మెయిడ్ డబ్బాపై తలమీద పాలబిందెతో నడిచే పడుచు బొమ్మ వాళ్లదే. 1905లో ఆ కంపెనీ నెస్లేతో కలిసింది. నెస్లే 1912 నుంచే దిగుమతి సరుకుతో మన దేశంలో వ్యాపారం చేసింది. 1961లో పంజాబులోని మోగాలో ఫ్యాక్టరీ పెట్టింది. బ్రెజిల్‌లో 1921లోనే అరారాస్ ఊళ్లో పాలడబ్బాల ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడి డబ్బామీద కూడా ఆ పడుచే ఉంది.

బ్రెజిల్ పేరు ఇక్కడ ఊరికే తీయలేదు. పాలడబ్బాతో చేసే ట్రఫుల్‌కి అసలు పుట్టిల్లు అదే. 1945లో అక్కడ జెతూలియో వర్గాస్ నియంతృత్వం ముగిసి అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. పోటీ చేసినవాళ్లలో ఎదువార్దో గోమెస్ వాయుసేనలో బ్రిగేడియరు. 1922లో కోపకబానా కోటలో తిరుగుబాటు చేసి ప్రాణాలతో బయటపడ్డ కొద్దిమందిలో ఒకడు. అందగాడు, పెళ్లికానివాడు. ఆడవాళ్లకి ఓటుహక్కు 1932లో వచ్చినా, దేశమంతటా స్త్రీలు అధ్యక్షుడికి ఓటేసే అవకాశం వచ్చింది ఈ ఎన్నికల్లోనే. గోమెస్ తరఫున తిరిగిన ఆడవాళ్లు ప్రచారం ఖర్చులకోసం ఒక మిఠాయి చేసి అమ్మారని అక్కడివాళ్లు చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. తాజా పాలు, పంచదార, గింజపప్పులు దొరకడం కష్టం. పాలడబ్బా దొరికేది. డబ్బా పాలు, కోకో, కాస్త వెన్న గిన్నెలో పోసి సన్నసెగ మీద ముద్దకట్టేదాకా కలిపి, చల్లారాక ఉండలు చుట్టి, పైన చాక్లెట్ పలుకులు అద్దారు. డిసెంబరు 2న జరిగిన ఓటింగులో గోమెస్ ఓడిపోయాడు, యూరికో గాస్పర్ దుత్రా గెలిచాడు. ఉండ మాత్రం బ్రిగదెయిరో అనే పేరుతో మిగిలిపోయింది. ఇప్పుడు బ్రెజిల్‌లో పుట్టినరోజు పండగ ఏదైనా పళ్లెంలో అది ఉండాల్సిందే.

మీగడా చాక్లెట్టూ లేనిచోట ట్రఫుల్‌ని సాధ్యం చేసినవాళ్లు ఈ పేరు తెలియని ఆడవాళ్లు. వాళ్ల ఉండలో కోకో కొవ్వు తక్కువ. దాన్ని నిలబెట్టేది చిక్కబడ్డ పాలూ పంచదారా. అందుకే వేడి దేశాల్లో అది కరగదు. నందిగామకి పనికొచ్చే గుణం ఇదే.

ఇక బిస్కెట్టు. మేరీ బిస్కెట్టు 1874లో లండన్‌లో పీక్ ఫ్రీన్ కంపెనీ చేసింది. విక్టోరియా రాణి కొడుక్కి రష్యా రాకుమారి మారియాతో జరిగిన పెళ్లి సందర్భంగా ఆ పేరు పెట్టారు. మన దగ్గర కోల్‌కతాలో 1892లో మొదలైన బ్రిటానియా, 1939లో బిస్కెట్లు మొదలుపెట్టిన పార్లే కంపెనీల పుణ్యాన బిస్కెట్టు పల్లె కొట్టు దాకా చేరింది. బిస్కెట్టు అంటే ఎవరో ఒకరు మనకోసం ముందే ఓవెన్‌లో కాల్చి పెట్టిన పిండి. దాన్ని పొడిచేసి కలిపితే పచ్చిపిండి వాసన ఉండదు, వేయించే పని ఉండదు. సున్నుండకి మినప్పప్పు దోరగా వేయించి విసరడానికి పట్టే పూట మొత్తం ఇక్కడ మిగులుతుంది.

ఈ సరుకులన్నీ జగ్గయ్యపేటకి తేలిగ్గా చేరడానికి ఆ ఊరు ఉన్నచోటే కారణం. బేతవోలు అనే పాత ఊరి దగ్గర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరున కట్టించిన పేట ఇది. బందరు రేవునీ హైదరాబాదునీ కలిపే బాట మీద, నైజాం సరిహద్దు పక్కనే ఉంది. నందిగామ అదే రోడ్డు మీద బెజవాడ వైపు వస్తుంటే తగులుతుంది. మొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఒకప్పటి తొమ్మిదో నంబరు, ఇప్పటి అరవై అయిదో నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు లారీలు తిరుగుతాయి. పట్నంలో దొరికేది ఇక్కడా దొరకడానికి ఎక్కువ రోజులు పట్టదు.

క్రిస్మస్ కూడా ఇక్కడ కొత్త పండగ కాదు. నందిగామ దగ్గరి రాఘవాపురంలో పగోలు వెంకయ్య 1859లో మిషనరీ డార్లింగ్ దొర చేతిమీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. బందరులో పనిచేసే చర్చి మిషనరీ సొసైటీకి ఈ మెట్ట పల్లెల్లో దారి అక్కణ్నుంచే తెరుచుకుంది. నూటఅరవై ఏళ్లుగా ఈ పల్లెల్లో డిసెంబరు నక్షత్రాలు వెలుగుతున్నాయన్నమాట. ఆ పండగ వంట మాత్రం తెలుగువంటే. అరిసెలు, జంతికలు, కజ్జికాయలు. సంక్రాంతికి పక్కింట్లో వండేవే మూడు వారాల ముందు వీళ్ల ఇంట్లో వండుతారు. కేకు కావాలంటే బేకరీకి వెళ్లాలి, లేదా కుక్కర్‌లో ఇసుక పోసి, రబ్బరూ విజిలూ తీసేసి, అందులో గిన్నె దించి గంటసేపు కాపలా కాయాలి. ఓవెన్ లేని ఇంటి ఆడవాళ్లు కనిపెట్టుకున్న ఆ ఉపాయం మీద నాకు గొప్ప గౌరవం. అయినా అది ఎప్పుడూ పరీక్షే. ఒకసారి పొంగుతుంది, ఒకసారి అడుగు నల్లబడుతుంది. ఉండలకి ఆ భయం లేదు.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ చెప్పుకోరు. డబ్బాపాలు ముద్దకట్టించాలంటే సన్నటి, నిలకడైన సెగ కావాలి. కట్టెల పొయ్యి మీద, పత్తికట్టె మంట మీద అది కత్తిమీద సాము. పాలూ పంచదారా రెండూ క్షణంలో మాడేవే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకి గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది. సిమ్‌లో పెట్టి పది నిమిషాలు కలిపే వంట పల్లెలో సాధ్యమైంది ఆ గ్యాసు పొయ్యి వచ్చాకే.

చేసే పద్ధతి ఇదీ. 400 గ్రాముల పాలడబ్బాకి మూడు నాలుగు చెంచాల తియ్యదనం లేని కోకో, ఒక చెంచా వెన్న లేదా నెయ్యి. కోకోని ముందు కాస్త పాలలో ఉండకట్టకుండా కలుపుకుని, మిగతావి చేర్చి, మందపాటి గిన్నెలో సన్నసెగ మీద కలుపుతూ ఉండాలి. పది పన్నెండు నిమిషాలకి గరిటతో అడుగున గీత గీస్తే గిన్నె కనిపించి, ముద్ద ఒక క్షణం ఆగి మళ్లీ కలుస్తుంది. హల్వా చేసే పెద్దవాళ్లు దీన్నే “అంచులు వదలాలమ్మా” అని చెబుతారు. వాళ్ల కంటికి ఈ ఆనవాలు ఇట్టే తెలిసిపోతుంది. ముందే దించితే ఉండ కూలబడుతుంది, ఆలస్యమైతే జిగురుబిళ్లలా సాగుతుంది. నెయ్యి రాసిన పళ్లెంలో పోసి పూర్తిగా చల్లారాక, చేతికి నెయ్యి రాసుకుని చుట్టాలి.

అసలు పొయ్యే వద్దనుకుంటే రెండు వందల గ్రాముల మేరీ బిస్కెట్ల పొడి, మూడు చెంచాల కోకో, గుప్పెడు ఎండుకొబ్బరి కోరు, అందులో సగం డబ్బా పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. మొత్తం ఒక్కసారి పోయకూడదు. బిస్కెట్టు పొడి తడిని నెమ్మదిగా పీలుస్తుంది, మొదట జారుగా అనిపించింది పావుగంటకి బిగుస్తుంది. ఫ్రిజ్ లేకపోయినా ఫర్వాలేదు. డిసెంబరు రాత్రులు ఇక్కడ ఇరవై డిగ్రీల కిందికి దిగుతాయి, మూతపెట్టి వసారాలో ఉంచితే తెల్లారేసరికి గట్టిపడతాయి.

దుకాణాల్లో ట్రఫుల్ అంటూ అమ్మే రకాల కంటే ఈ ఇంటి ఉండే మేలని నా అభిప్రాయం. ఇంటి ఉండలో తీపి ఎక్కువన్నది మాత్రం ఒప్పుకోవాలి. దానికి విరుగుడు మన దగ్గరే ఉంది. వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు పలుకులు గానీ, దోరగా వేయించిన నువ్వులు గానీ కలిపితే ఆ తీపి తగ్గుతుంది, కమ్మదనం వస్తుంది.

కోకో కూడా ఇప్పుడు దూరదేశపు సరుకు కాదు. 1965 ప్రాంతాల్లో క్యాడ్‌బరీ కంపెనీ కేరళలో కోకో సాగుని ప్రోత్సహించింది. తర్వాత అది గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లోకి, పామాయిల్ తోటల్లోకి అంతరపంటగా వచ్చింది. నేడు దేశంలో కోకో ఉత్పత్తిలో ముందున్నది ఆంధ్రప్రదేశే. నందిగామ నుంచి బెజవాడ దాటి ఏలూరు వైపు వెళితే, పెద్ద చెట్ల నీడలో కాండానికే కాయలు వేలాడే ఆ చెట్లు కనిపిస్తాయి. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో ఉన్న గింజల్ని వారం దాకా పులియబెట్టి ఎండబెడతారు. ఆ పులియడంలోనే చాక్లెట్ వాసనకి పునాది పడుతుంది. పశ్చిమ గోదావరి గింజలతో చాక్లెట్ చేసే ‘మనం చాక్లెట్’ అనే కంపెనీ 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో తన కార్ఖానా తెరిచింది.

ఈ కథలో రోలు మళ్లీ వస్తుంది. 2000 తర్వాత అమెరికాలో చిన్న ఎత్తున సొంతంగా చాక్లెట్ చేసుకునేవాళ్లు మొదలైనప్పుడు వాళ్లకి సరైన యంత్రం దొరకలేదు. పెద్ద ఫ్యాక్టరీల యంత్రాలు కొనే స్తోమత లేదు. కోకోని రోజంతా ఆపకుండా నూరగల చిన్న రాతి యంత్రం కోసం వెతికితే దొరికింది మన ఇడ్లీ, దోసెల గ్రైండరు. కోయంబత్తూరులో తయారయ్యే టేబుల్ టాప్ వెట్ గ్రైండరునే కోకో వేడికి తట్టుకునేలా కొద్దిగా మార్చుకున్నారు. తిరిగే రాళ్ల కింద గింజ నలిగి, కొవ్వు ఊరి, గంటలు గడిచేకొద్దీ నున్నటి చాక్లెట్ అవుతుంది. ఇవాళ ప్రపంచంలో చాలా చిన్న చాక్లెట్ దుకాణాల్లో తిరుగుతున్నది ఆ రాయే. చిమ్మిలి దంచినప్పుడు నువ్వుకి జరిగేదే అక్కడ కోకోకి జరుగుతోంది.

కాబట్టి ఈ డిసెంబరులో ట్రఫుల్స్ చేయాలనుకునే నందిగామ, జగ్గయ్యపేట అక్కచెల్లెళ్లకి నాదొక మనవి. డబ్బాపాలతో ఒక వాయి చేయండి. దాంతోపాటు ఇంకో వాయి చిమ్మిలితో చేసి చూడండి. రెండు వందల గ్రాముల నువ్వులు దోరగా వేయించి, నూటయాభై గ్రాముల పాతబెల్లంతో రోట్లో గానీ మిక్సీలో ఆపి ఆపి గానీ నూనె ఊరేదాకా దంచండి. రెండు చెంచాల కోకో, చిటికెడు ఉప్పు వేసి ఇంకాస్త దంచండి. మిక్సీ అయితే గిన్నె వేడెక్కనివ్వకండి, నూనె విడిపోతుంది. చిన్న ఉసిరికాయంత ఉండలు చుట్టి కోకో పొడిలో దొర్లించండి. పాలు, నీళ్లు ఏమీ పడలేదు కాబట్టి తడిలేని స్టీలు డబ్బాలో పెడితే క్రిస్మస్‌కి చేసినవి సంక్రాంతి దాకా నిలవుంటాయి.